ఖాళీ సంచిలో రేణువులు

పొందూరు,
నవంబరు 9, 2025

భరణీ, బంగారు తల్లీ,

పార్సిలు విప్పగానే ముందు కోటు తొడుక్కుని అద్దం దగ్గరకి పరిగెడతావని తెలుసు. అందుకే ఈ కాగితం కోటు జేబులో పెట్టాను. మొన్న ఫోనులో, "ఉత్తరాలెందుకత్తా, వీడియో కాల్ చేస్తాను కదా" అన్నావు. ఫోనులో నువ్వు "తిన్నాను, బాగున్నాను, ఉంటాను" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. ఆ మూడింటినీ నేను నమ్మను. కాగితం మీద అబద్ధమాడాలంటే చెయ్యి కాస్త ఆగుతుంది. కాబట్టి ఉత్తరమే రాయి.

మీ ప్రయోగశాలలో పాలిస్టరు కోటు వేసుకుంటే ఆ ప్లాస్టిక్ సంచి ఒంటికి అతుక్కుపోతోందనీ, నూలు కోటైతే బాగుండుననీ అన్నావు కదా. ఆ మాట నా చెవిన పడ్డాక ఊరుకుంటానా? ఈ కోటుకి నూలంతా నేనే వడికాను. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వడం దగ్గర్నుంచి ఏకులు చుట్టేదాకా ఒక్క పని కూడా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నేత మాత్రం మన వీధి వాళ్ళది. కుట్టింది దర్జీ ధనరాజ్. "డాట్రు కోటా అత్తా?" అని అడిగాడు. "డాట్రే గానీ మనుసుల డాట్రు కాదురా, గాలి డాట్రు" అన్నాను. గాలికి రోగమేమిటా అని వాడు మిషను ఆపి ఆలోచనలో పడ్డాడు.

కోటులో నేనొక చిన్న పని చేయించాను. ఏమిటో చెప్పను. వేసుకున్న మరుక్షణం నీకే తెలుస్తుంది. నెల దాకా ఉతకొద్దు. నెల తిరిగేసరికి రెండోది పంపుతాను, అప్పుడు ఇది నాకు పంపెయ్యి, నేనే ఉతుకుతాను. హాస్టలు బకెట్లో నానబెట్టి నా నూలు ఉసురు పోసుకోకు.

సీసాలో ఉసిరికాయ పచ్చడి ఉంది. ఇంగువ దండిగా వేశాను. మూత తీస్తే పక్క గదుల వాళ్ళు కూడా వచ్చేస్తారు, చూసుకో.

మీ అత్త
కాంతం


భువనేశ్వర్,
నవంబరు 21, 2025

అత్తా,

కోటు వేసుకుని ప్రయోగశాలంతా ఒక చుట్టు తిరిగొచ్చాను. నాతో పనిచేసే సుహాసిని నీకు తెలుసుగా, కటక్ అమ్మాయి. చేత్తో తడిమి, "ఇది బట్టా, గాలా?" అంది. మీ ఊరి పేరు చెప్పి కాస్త గర్వపడ్డాను.

ఇక్కడ నేనేం చేస్తున్నానో సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు కదా. మా గదిలో ఒక పెద్ద సంచి ఉంది. నీ వంటగదంత ఉంటుంది. అవతలి మనిషి కనబడేంత పలచటి ప్లాస్టిక్. దాని చుట్టూ దీపాలు. ఆ దీపాలే మా ఎండ, ఆ సంచే మా ఆకాశం. సముద్రపు ఒడ్డున సరుగుడు తోటల్లో, జీడిమామిడి తోటల్లో నడిస్తే ఒక వాసన వస్తుంది చూడు, అది వాసనగానే ఉండిపోదు. ఎండలో, గాలిలో ఉండే ఓజోన్ తగిలి, ముదిరి, బరువెక్కి, కంటికి ఆనని రేణువు అవుతుంది. అలాంటివి లక్షలు పోగైతే దూరపు కొండ మసకబారుతుంది. మేఘం పట్టడానికి కూడా వాటి ఆసరా కావాలి. బయట ఆకాశంలో చూద్దామంటే లారీ పొగా, వంట పొగా అన్నీ కలిసిపోయి ఏది దేనిదో తెలియదు. అందుకని సంచిలో చిన్న ఆకాశం చేసుకుని, ఒకే ఒక్క చెట్టు వాసన వదిలి, రేణువులు ఎలా పుడతాయో లెక్కపెడతాం.

అయితే ఏ వాసనా వదలకముందు ఊరికే ఒకసారి నడపాలి. ఖాళీ సంచి, కడిగిన గాలి, ఓజోన్, దీపాలు, అంతే. అప్పుడు రేణువులు పుట్టకూడదు. పుట్టాయంటే సంచి మురికిదని అర్థం, ఆ తర్వాత చూసినదంతా అబద్ధం. మొన్న కొత్త సంచి బిగించి మొదటిసారి ఖాళీగా నడిపాను. పుట్టాయి.

మా గైడు నరసింగరావు గారు గడువు పెట్టారు. ఫిబ్రవరి నెలాఖరులోగా వరసగా నాలుగుసార్లు ఖాళీ సంచి ఖాళీగానే ఉండాలి. లేకపోతే సంచి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నా మూడేళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది. ఇంకో పని ఎత్తుకుందామంటే నా స్కాలర్‌షిప్‌కి అంత ఆయుష్షు లేదు. నాన్నకి చెప్పకు, రాజాంలో కొట్టు కట్టేసి ఇక్కడికి వచ్చి కూర్చుంటాడు.

నువ్వు చేయించిన పని వేసుకోగానే తెలిసిపోయింది. పోల్చుకోలేననుకున్నావా? రోజంతా నువ్వు నా వెనకే నిలబడ్డట్టుంది. పచ్చడి మూత తీశానో లేదో, ఇంగువ వాసనకి సుహాసిని గిన్నె పట్టుకుని వచ్చేసింది.

నీ
భరణి


పొందూరు,
డిసెంబరు 14, 2025

భరణీ,

నీ ఉత్తరం పక్కింటి ఈశ్వరికి చదివి వినిపించాను. ఇద్దరం ఎదురెదురుగా రాట్నాలేసుకుని కూర్చుంటాం కదా, పొద్దు గడవాలి. అంతా విని, "ఏటీ నేని సంచీల ఏటీ నేదని సూడ్డానికి ఇంత సదువు సదివినాదా నీ మేనగోడలు?" అంది. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు ఏకులో గింజ ముక్క ఉన్నాదో నేదో ఎన్నిసార్లు సూస్తావే? ఇదీ అంతే" అన్నాను. ఆ మాటకి ఒప్పుకుంది. మాకూ అంతే తల్లీ. ఏకు శుభ్రంగా లేకపోతే ఆ రోజు దారం తెగుతూనే ఉంటుంది, ఎన్ని తిట్లు తిట్టినా లాభం లేదు. నీ సంచి కూడా ఎక్కడో ఒక గింజ దాచుకుని ఉంటుంది. వెతుకు.

రెండో కోటు పంపుతున్నాను. మొదటిది నచ్చిందన్నావు కాబట్టి, ఆ చేయించిన పని ఈసారి ఇంకాస్త చిక్కగా చేయించాను. సున్నుండలు కూడా పెట్టాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ మాయదారి కరోనా రోజుల్లో నేను మంచాన పడితే గడప తొక్కిన మనిషి లేడు. మీ నాన్నకి షుగరు, వద్దన్నాను. నువ్వు రాజాం నుంచి స్కూటీ మీద ఒక్కదానివీ వచ్చి ఇరవై రోజులు నా మంచం పక్కనే కూర్చున్నావు. నా నోట్లో గంజి పోశావు. ఆ తర్వాత ఈ నాలుగున్నరేళ్ళలో నువ్వు నా ఇంట్లో రెండు పూటలు మించి ఉండలేదు. వస్తావు, తింటావు, బాగుందంటావు, సాయంత్రం రైలుకి వెళ్ళిపోతావు. నీ సంచి గడువు నాకు అర్థమైంది. ఇది మాత్రం అర్థం కాలేదు. నా మీద ఏదైనా కష్టపెట్టుకున్నావా? ఆ ఇరవై రోజుల్లో ఒళ్ళు తెలియక ఏదైనా అన్నానా?

మీ అత్త


భువనేశ్వర్,
జనవరి 4, 2026

అత్తా,

నీ మీద నాకేం కష్టం ఉంటుంది? పనే. పని తప్ప ఏమీ లేదు. సున్నుండల డబ్బా తెరిస్తే నేతి వాసనకి గదంతా ఘుమఘుమలాడింది.

నాకు భయంగా ఉంది. గింజ వెతకమన్నావు కదా, వెతుకుతున్నాను. వేలికొసంత గాలిలో పది రేణువులకి మించి ఉండకూడదు. నవంబరులో రెండు వేలు. నీ రెండో కోటు వేసుకుని పని మొదలుపెట్టిన వారం, ఇక ఈసారి కలిసొస్తుంది అనుకున్నాను. ఆరు వేలు.

సంచి లోపలికి దూరి అతుకులు తుడిచేది నేనే. సన్నగా ఉంటానని నాకు అప్పజెప్పారు. మధ్యలో జ్వరం వచ్చి నేను నాలుగు రోజులు పడుకుంటే సుహాసిని దూరింది. లెక్క సగానికి పడిపోయింది. నేను లేచి మళ్ళీ దూరాను. మళ్ళీ పెరిగింది. నిన్న నరసింగరావు గారు బోర్డు మీద తేదీలన్నీ రాసి, ఒక్కొక్క తేదీ పక్కన ఎవరు లోపలికి వెళ్ళారో రాశారు. సుద్దముక్క కింద పెట్టి టీకి వెళ్ళిపోయారు. అందరూ ఆ బోర్డు వైపూ, నా వైపూ చూశారు.

రేణువులు నాలోంచే వస్తున్నాయా? తలకి నూనె మానేశాను. సబ్బు మార్చాను. పౌడరు పారేశాను. ఇంకేం చెయ్యాలో తెలియడం లేదు. ఇంకా ఎనిమిది వారాలే ఉంది.

భరణి


భువనేశ్వర్,
జనవరి 19, 2026

అత్తా,

ఇక మీదట కోట్లు పంపవద్దు. ఇక్కడ ప్రయోగశాల వాళ్ళే నూలు కోట్లు ఇస్తున్నారు. నీవి రెండూ ఈ పార్సిల్లో తిప్పి పంపుతున్నాను. కాలర్లు విప్పి ఉంటాయి, ఏమీ అనుకోకు. పని తొందరలో ఉన్నాను, తర్వాత రాస్తాను.

భరణి


పొందూరు,
జనవరి 30, 2026

ఒలే భరణీ,

ఈ రోజు పుస్తకం బాసలో రాయడం నా వల్ల కాదు. నోటికొచ్చింది నోటికొచ్చినట్టే రాస్తన్నాను, సదువుకో.

పార్సిలొచ్చిందని సంబరపడి ఇప్పినాను. రెండు కాలర్లూ బ్లేడెట్టి సింపేసి ఉన్నాయి. ఏటే ఆ పని? దబ్బపండు తొక్క ఎండేసి, దంచి, జల్లించి, కాలరు రెండు పొరల మజ్జన పలసగా పరిసి దగ్గర కూకుని కుట్టించినాను. ధనరాజ్‌గాడు సూది ఇరుగుద్దని ఏడిసినా ఇన్లేదు. నీ సిన్నప్పుడు నీ బడిబట్టల పెట్టెలో అదే ఏసీదాన్ని. "అత్తా, నా గౌనుకి నీ వాసన వస్తాది" అని ముక్కుకాడెట్టుకుని పడుకునీదానివి. పరాయి ఊర్లో ఒక్కతీ ఉన్నాది, పిల్లకి నా వాసనుంటే ధైర్యంగా ఉంటాదని పెట్టినాను.

నచ్చిందని నువ్వే రాసినావు. నేను ఎనకాల నిలబడ్డట్టుందని రాసినావు. రాసి, సింపీసి, తొక్కంతా దులిపీసి, ఉత్త గుడ్డ పంపినావు. ఏటి, ముసిల్దాని వాసన అక్కడోళ్ళకి నచ్చనేదా? పల్లెటూరి కంపని నవ్వినారా? నీకు సిగ్గనిపించినాదా? సిగ్గనిపిత్తే ఆ మాటే రాయి, నేను సచ్చిపోను. "ల్యాబోళ్ళే ఇస్తన్నారు" అని నాకు కతలు సెప్పకు. నీ ఉత్తరం మూడుసార్లు సదివినాను, ఒక్క ముక్కా నిజంలాగ నేదు.

రెండు కోట్లూ మడతెట్టి పెట్టె కిందికి తోసీసినాను. ఇంక నీకు నూలు ఒడకను.

కాంతం


భువనేశ్వర్,
ఫిబ్రవరి 6, 2026

అత్తా,

నీ వాసనకి నేనెందుకు సిగ్గుపడతాను? నాకు అది తెలియలేదు. అంతే అత్తా, తెలియలేదు. నాకు ఏ వాసనా తెలియదు.

ఈ ముక్క రాయడానికి రెండు రోజులు పట్టింది. నీ మంచం పక్కన ఉన్న ఆ ఇరవై రోజుల్లో పన్నెండో రోజు అనుకుంటాను, నీ జ్వరం జారింది. అన్నం తింటానన్నావు. మిరియాల చారు పెట్టాను. పోపు చిటపటలాడడం వినబడింది, వాసన రాలేదు. గిన్నె మీద మొహం పెట్టి పీల్చాను. ఏమీ లేదు. అవతల నువ్వు రెండు ముద్దలు తిని, "ఓలమ్మ, నోరు బతికినాది" అని నవ్వుతున్నావు. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. వారంలో వస్తుందన్నారు, నెలలో వస్తుందన్నారు. విశాఖపట్నంలో డాక్టరు ఏవో సీసాలు వాసన చూపించి, ఇక ఆశపెట్టుకోవద్దన్నాడు.

నీకు చెబితే నువ్వేమంటావో తెలుసు. నా జబ్బే నీకు అంటుకుంది, నా వల్లే అంటావు. బతికినన్నాళ్ళూ అదే అనుకుంటూ రాట్నం తిప్పుతావు. అందుకని దాచాను. నీ ఇంట్లో రెండు పూటలు మించి ఉండనిది కూడా అందుకే. వీధి గుమ్మంలో కాలు పెట్టగానే, "ఏటి వండినాను సెప్పుకో" అంటావు కదా. ఒకటి రెండుసార్లు ముందే ఈశ్వరత్తకి ఫోన్ చేసి కనుక్కుని మరీ వచ్చాను. రోజుల తరబడి ఉంటే పట్టేస్తావని భయం. నీ మీద కష్టపెట్టుకున్నానని నువ్వు అనుకుంటున్నావని మాత్రం నాకు తట్టలేదు. దానికి నన్ను క్షమించు.

ఈ చదువు ఎంచుకున్నది కూడా ఇందుకే. వాసన రేణువై, ఆ రేణువు యంత్రంలో అంకె అయి, నా కంటికి కనబడే చోటు ఇదొక్కటే.

కోట్ల సంగతి. ఆ గదిలో ఓజోన్ ఉంటుందని మేమంతా బొగ్గు పొర ఉన్న మాస్కులు పెట్టుకుంటాం. దాంట్లోంచి ఏ వాసనా రాదు. కోట్లు కూడా ఆ గదిలోనే తగిలిస్తాం. అందుకే రెండు నెలలు ఎవరూ పసిగట్టలేదు. బోర్డు మీద నా పేరు చూశాక సుహాసిని నా కోటు పట్టుకుని బయట వరండాలోకి వెళ్ళి మాస్కు తీసింది. కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చూసింది. "ఇంత వాసన నీకు ఎలా తెలియలేదు?" అంది. దబ్బతొక్కలో ఉండే నూనె ఓజోన్‌కి తగిలితే చాలు, చూస్తుండగానే వేల రేణువులు పుడతాయి. నేను సంచిలోకి దూరినప్పుడల్లా అదంతా లోపల వదిలి వస్తున్నానన్నమాట.

తప్పు నీ తొక్కది కాదు అత్తా. "తెలిసిపోయింది" అని నేను రాశానే, ఆ ఒక్క ముక్కది. నువ్వు చెప్పిన ఆ చిన్న పని, లోపల కుట్టించిన జేబు గురించి అనుకున్నాను. "ఏం చేయించావత్తా?" అని అడిగి ఉంటే నవంబరులోనే తేలిపోయేది. అడిగితే నా గుట్టు బయటపడుతుందని అడగలేదు.

నరసింగరావు గారికి చెప్పక తప్పలేదు. ఆయన కోపం చూడలేకపోయాను. "వాసన తెలియని మనిషివి, మూడేళ్ళు రసాయనాల మధ్య ఒంటరిగా తిరిగావు, మాకు చెప్పకుండా!" అన్నారు. తర్వాత గడువు మార్చి పదిహేనుకి జరిపారు. ఇక నేను ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళకూడదు. సంచి ఆ నూనెని పీల్చేసుకుంది. రోజూ ఓజోన్ నింపి, దీపాలు వేసి, ఉన్నదంతా కక్కిస్తున్నాం. ఈ రోజు లెక్క మూడు వేలు. పదికి దిగుతుందో లేదో ఎవరికీ తెలియదు.

ఎంతైనా కోప్పడు. నా వల్ల అని మాత్రం రాయకు.

భరణి


భువనేశ్వర్,
ఫిబ్రవరి 20, 2026

అత్తా,

పదిహేను రోజులైంది, నీ ఉత్తరం లేదు. ఫోను ఎత్తడం లేదు. నాన్నని పంపి చూడమన్నాను. "మీ అత్తకేటి, గుండ్రాయిలాగున్నాది. ముక్కుల ఏటో ఎట్టుకుని తిరుగుతున్నాది, అడిగితే పొమ్మన్నాది" అన్నాడు. ముక్కులో ఏం పెట్టుకున్నావు? దెబ్బ తగిలిందా? ఒక్క ముక్క రాయి. తిట్టు రాసినా సరే.

లెక్క నాలుగు వందలు.

భరణి


పొందూరు,
ఫిబ్రవరి 27, 2026

భరణీ, నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు రాట్నం ముట్టలేదు. ఆ మర్నాడూ ముట్టలేదు. ఈశ్వరి వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేక తలుపేసుకున్నాను. నా వల్ల అని రాయొద్దన్నావు. రాయను. మనసులో అనుకోవద్దని నాకు చెప్పే అధికారం మాత్రం నీకు లేదు.

మూడో రోజుకి ఏడుపు పోయి కోపం వచ్చింది. నాలుగున్నరేళ్ళు నా పచ్చళ్ళు బాగున్నాయన్నావు, నా వంకాయ కూర బాగుందన్నావు, మొన్నటికి మొన్న సున్నుండలు ఘుమఘుమలాడాయన్నావు. ఒక్క మెప్పు కూడా నిజం కాదన్నమాట! వండి పెట్టేదానికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? నీ నాలుకకి ఏం తెలుస్తోందో తెలియకుండా సీసాల మీద సీసాలు పంపాను. నీ చేత అబద్ధాల మీద అబద్ధాలు రాయించాను.

అప్పుడు నాకు నీ సంచి గుర్తొచ్చింది. ఆకాశం అంత దూరాన ఉంటే, మీరు దాన్ని గదిలోకి తెచ్చుకుని చూస్తున్నారు కదా. నీ ముక్కు భువనేశ్వర్‌లో ఉంది. దాన్ని నేను పొందూరు తెచ్చుకోలేనా అనుకున్నాను. చేతిలో ఏకులున్నాయి. ఒకటి తుంపి, రెండు ఉండలు చేసి, రెండు ముక్కుల్లోనూ బిగించాను. నోటితో గాలి పీల్చుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. స్నానానికీ నిద్రకీ తప్ప తియ్యలేదు. మీ నాన్న వచ్చి అడిగితే ఏం చెప్పను? పొమ్మన్నాను.

సాంబారు వేడి నీళ్ళయిపోయింది తల్లీ. వంకాయ కూర తడి గుడ్డ నమిలినట్టుంది. ఇంగువా, నెయ్యీ, కరివేపాకూ, నేను ఇన్నేళ్ళూ గొప్పలు పోయినవన్నీ దండగ. మొదటి రోజు రెండు ముద్దలు తిని కంచం వదిలేశాను. నువ్వు ఇలాంటి కంచం ముందు కూర్చుని నాలుగున్నరేళ్ళుగా "బాగుందత్తా" అంటున్నావా? మూడో రోజు కాస్త తెలివి వచ్చింది. పులుపు నిలబడింది. కారం నిలబడింది. పంటి కింద పటపటలాడేది ఏదైనా నిలబడింది. గుమ్మడి వడియం వేయించుకుంటే ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచి దాని వెంటపడ్డాను. రోజుకొకటి చెయ్యడం, తినడం, పారెయ్యడం.

ఆరో రోజు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. వీధి గదిలో వడుకుతున్నాను. ఈశ్వరి వెనక గుమ్మంలోంచి అరుస్తూ దూకింది. "ఓలమ్మో కాంతమొదినా! గిన్ని మాడి బొగ్గయిపోనాది, ఇల్లంతా పొగ, నీకు తెలీలేదేటే?" అంది. తెలియలేదు. పొయ్యి కట్టేసి అక్కడే నేల మీద కూలబడ్డాను. ఈశ్వరి లేకపోతే ఏమయ్యేదో అని కాదు. నీకక్కడ ఈశ్వరి ఎవరు? ఒక్కదానివే గదిలో గ్యాసు వెలిగించుకుంటున్నావు. దూది ఉండలు తీసి పారేసి, ఆ రోజు మాత్రం గట్టిగా ఏడ్చాను. నాది తీస్తే వచ్చేసే దూది కదా.

మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను. పని సగంలో వదిలితే ఎలా?

ఈ సీసాలో ఉన్నది కొత్త రకం. దీనికి పేరు లేదు. చింతకాయ తొక్కు, ఎండుమిరప, బెల్లం, వేయించిన నువ్వులు, వేరుశనగ పలుకులు, చిదిమిన గుమ్మడి వడియాలు. మొదటి నుంచి చివరి దాకా ముక్కు మూసుకునే చేశాను, మూసుకునే రుచి చూశాను. నీకెలా ఉంటుందో నాకూ అలాగే ఉండాలని. ఈశ్వరికి పెడితే అదోలా మొహం పెట్టింది. దానికేం తెలుసు? దాని ముక్కు బాగానే ఉంది.

తిని ఎలా ఉందో రాయి. బాగుందని రాశావో, చింపి పొయ్యిలో పెడతాను. నిజం రాయి.

మీ అత్త


భువనేశ్వర్,
మార్చి 13, 2026

అత్తా,

నిన్న నాలుగో ఖాళీ ప్రయోగం అయింది. సుహాసిని నా కోటూ, నా జుట్టూ, చేతులూ అన్నీ వాసన చూసి "ఊఁ" అన్నాకే లోపలికి వెళ్ళాను. ఇప్పుడు అదే పద్ధతి. మొదటిసారి తొమ్మిది వచ్చింది. తర్వాత ఐదు, మూడు. నిన్న రెండు. ఆరు గంటలు దీపాలు వెలిగాయి, సంచి ఖాళీగానే ఉంది. నరసింగరావు గారు తెర దగ్గర వంగి చూసి, చూసి, బోర్డు మీద ఉన్న తేదీలన్నీ చేత్తోనే తుడిచేశారు. "రేపటి నుంచి సరుగుడు మొదలుపెట్టు" అన్నారు. అంటే సంచి నాదే అత్తా.

నా గదిలో గ్యాసు లేదు, కరెంటు పొయ్యే. ఇక్కడికి వచ్చిన మొదటి వారమే మార్పించుకున్నాను. నువ్వు ఆ విషయంలో నిద్ర మానుకోకు. అప్పుడే చెప్పి ఉంటే నీ గిన్నె మాడేది కాదు.

నీ ఉత్తరం సుహాసినికి ఒడియాలో చెబుతుంటే మధ్యలో ఆపి కాగితం మడిచేశాను. నా ముక్కుని ఊరికి తెచ్చుకున్నానన్నావు చూడు, అక్కడ. డాక్టర్లు అడిగారు, గైడు అడిగారు, ఎన్నాళ్ళ నుంచి, ఎంత శాతం అని. నాకెలా ఉంటుందో తెలుసుకోవాలని ఎవరూ ముక్కు మూసుకోలేదు.

సీసా విప్పి అన్నంలో కలిపాను. మొదటి ముద్దకి పులుపు చెవుల దాకా జివ్వుమంది. తర్వాత కారం, దాని వెనక బెల్లం, పంటి కింద నువ్వులు, వడియం. ముద్ద తింటున్నట్టు తెలిసింది అత్తా. ఎన్నాళ్ళకో. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే సుహాసిని కారమనుకుని మంచినీళ్ళు తెచ్చింది.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఉప్పెక్కువైంది. కొంచెం కాదు, చాలా ఎక్కువైంది. రెండో ముద్ద మింగలేకపోయాను.

భరణి


పొందూరు,
మార్చి 21, 2026

భరణీ,

సంచి నీదైందని వీధంతా చెప్పాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అయినా అందరూ సంతోషించారు.

ఉప్పెక్కువైందా? ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. ఈశ్వరికి వినిపిస్తే, "నేనప్పుడే అననేదా, ఉప్పు గల్లు దంచినావని" అని ఎగిరింది. అననీ. నువ్వు పుట్టిన ముప్పై ఏళ్ళలో నా వంటకి వంక పెట్టడం ఇదే మొదలు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాను.

తప్పెక్కడ జరిగిందో కూడా తెలుసు. ముక్కు మూసుకుంటే ఏమీ తెలియక, తెలియడం లేదు కదా అని ఉప్పు వేసుకుంటూ పోయాను. ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. అది తెలిసినదానివి నువ్వొక్కదానివే.

సరుగుడు పని ఒక దారిలో పడ్డాక పది రోజులు సెలవు పెట్టు. ఏ రోజు రైలో రాయి, స్టేషనుకి వస్తాను. గుమ్మంలో ఏం వండానో అడగను. నేరుగా వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడు. ఉప్పు డబ్బాలోకి నా చెయ్యి రెండోసారి వెళ్ళగానే పట్టుకుని ఆపు.

అత్త